తివాచీ మీది పిల్లికి ఏం తెలుసు?

ఓ.జి.ఎస్. క్రాఫర్డ్ అనే ఇంగ్లీషు పురావస్తు శాస్త్రజ్ఞుడు, విమానం నుంచి తీసిన ఫొటోలు చరిత్రకి ఎట్లా పనికొస్తాయో చెప్పటానికి ఒక పోలిక వాడాడు. గదిలో తివాచీ పరిచి వుంది. దాని మీద పిల్లి నడుస్తోంది. పిల్లి కంటికి తివాచీ రంగులు ముక్కలు ముక్కలుగా, అడ్డదిడ్డంగా కనపడతాయేగానీ అల్లిక మొత్తం అందదు. అదే గదిలో కాస్త ఎత్తు నుంచి చూసే మనిషికి పువ్వూ, తీగా, అంచూ అన్నీ ఒక్క చూపులో అందుతాయి. నేల మీద నడిచేవాడు ఆ పిల్లి లాంటివాడు, విమానంలో వెళ్లేవాడు ఆ మనిషి లాంటివాడు అని ఆయన చెప్పదలచుకున్నది. వినటానికి ముచ్చటగానే వుంది. తర్వాత ఈ విషయం మీద రాసినవాళ్లు దీన్ని మళ్లీ మళ్లీ వాడుకున్నారు. మాకు మాత్రం మొదటిసారి చదివినప్పుడే ఒక సందేహం వచ్చింది. ఆ గదిలో పిల్లీ, మనిషీ ఇద్దరే వున్నారు. తివాచీ నేసినవాడు ఏడీ?

ఇక్కడ మేం ముఖ్యంగా చూడబోతున్నది క్రాఫర్డ్, అలెగ్జాండర్ కీలర్ కలిసి వెలువరించిన ‘వెసెక్స్ ఫ్రమ్ ది ఎయిర్’ అనే పుస్తకాన్నీ, ఆ పుస్తకం నిలబెట్టిన చూపునీ. 1924 వేసవిలో ఇద్దరూ అద్దె విమానంలో దక్షిణ ఇంగ్లండు సుద్ద నేలల మీద తిరిగి ఫొటోలు తీశారు. 1928లో ఆక్స్‌ఫర్డ్‌లో క్లారెండన్ ప్రెస్ వాళ్లు పుస్తకంగా వేశారు. డబ్బు కీలర్‌ది. ఆయన డండీలో మార్మలేడ్ తయారుచేసే పెద్ద వ్యాపార కుటుంబానికి వారసుడు. క్రాఫర్డ్ 1920 నుంచీ బ్రిటిష్ ప్రభుత్వ పటాల సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వేలో మొట్టమొదటి పురావస్తు అధికారి. దళిత అధ్యయనాల పత్రికకి ఈ పుస్తకంతో ఏం పని అని అడిగేవాళ్లుంటారు. రాతలో లేని మనుషుల చరిత్రని దేన్ని పట్టుకుని రాయాలి అనేది మన మొదటి సమస్య. శాసనం మనం వేయించింది కాదు. కావ్యం మన గురించి కాదు. పురాణంలో వున్నా రాక్షసులుగానే వున్నాం. అట్లాంటప్పుడు రాతతో నిమిత్తం లేకుండా నేలనే చదవొచ్చునని చెప్పే పద్ధతిని మనం పట్టించుకోకపోతే ఎట్లా? పట్టించుకోవాలి. కాకపోతే దానితోపాటు వచ్చే చూపుని కూడా విప్పి చూడాలి.

ముందు పద్ధతి సంగతి. ఎప్పుడో ఒకచోట కందకం తవ్వారనుకుందాం. వందల ఏళ్లలో అది పూడిపోతుంది. పైన దున్నీ దున్నీ నేల సమమైపోతుంది. నడిచేవాడికి అక్కడేమీ తెలియదు. కానీ కందకంలో పూడిన మట్టి చుట్టుపక్కల నేలకంటే లోతుగా, మెత్తగా వుండి తేమని ఎక్కువ కాలం పట్టుకుంటుంది. దాని మీద వేసిన గోధుమో, బార్లీయో ఏపుగా లేస్తుంది. మిగతా చేను పండబారినాక కూడా కొద్దిరోజులు పచ్చగానే వుంటుంది. అదే కింద గోడ పునాదో, రాళ్లు పరిచిన బాటో వుంటే వేరు దిగదు, పైరు గిడసబారి ముందే ఎండుతుంది. పైనుంచి చూస్తే కందకం ముదురు పచ్చ గీతగా, గోడ పాలిపోయిన గీతగా కనపడతాయి. వీటినే పంట గుర్తులు అంటారు. వానలు బాగా పడ్డ ఏడు ఇవి పెద్దగా కనపడవు. నేలలో తేమ తగ్గి, పైరు దప్పికకి వచ్చినప్పుడే తేడా బయటపడుతుంది. కంకర నేల, సుద్ద నేల బాగా చూపిస్తాయి. బంకమట్టి అంతగా చూపదు. గడ్డి బీళ్లు విపరీతమైన ఎండలు కాస్తే తప్ప ఏమీ చెప్పవు. 2018 వేసవిలో బ్రిటన్, ఐర్లండ్ దేశాల్లో అట్లాంటి ఎండలే కాశాయి. ఆ జులైలో ఐర్లండులో న్యూగ్రేంజ్ అనే ప్రాచీన సమాధి దగ్గరి పొలంలో అంతకుముందు ఎవరికీ తెలియని పెద్ద వలయం ఒకటి ఆంథొనీ మర్ఫీ, కెన్ విలియమ్స్ ఎగరేసిన డ్రోన్లకి చిక్కింది. దాన్ని ‘డ్రోన్‌హెంజ్’ అని పిలిచారు. కింద రైతు పంట ఎండిపోతున్న ఏడే పైనున్న చరిత్రకారుడికి పంట పండుతుందన్నమాట. ఇది ఎవరి తప్పూ కాదుగానీ, గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి.

మరి ఈ గుర్తులు ఎత్తు నుంచి చూసేవాడికే తెలుస్తాయా? పైరు తేడాని చూడటానికి విమానం అక్కర్లేదు. మన దగ్గర కలుపు తీసే ఆడవాళ్లని అడిగితే చెపుతారు. పాతబావి పూడ్చిన చోట పైరు నల్లగా నిగనిగలాడుతుంది. కింద బండ వున్న చోట ఎర్రబడి గిడసబారుతుంది. వంగి పనిచేసే మనిషికి ఆ తేడా కంటికంటే ముందు చేతికి, కాలికి తెలుస్తుంది. ఇదేదో మన పల్లెల గొప్ప చెప్పుకోవటం కాదు. ఇంగ్లండులోనే సాక్ష్యం వుంది. 16వ శతాబ్దం చివర ‘బ్రిటానియా’ రాసిన విలియం కామ్డెన్, కెంట్ జిల్లాలోని రిచ్‌బరో గురించి చెపుతూ, రోమన్ల కాలంలో అక్కడొక పట్నం వుండేదనీ, పైరు వేసినప్పుడు పాత వీధులు నడిచిన చోట చేను పలచగా వుండి వీధుల జాడ కనపడుతుందనీ రాశాడు. వీధులు ఒకదాన్నొకటి దాటిన చోటుకి అక్కడి సామాన్య జనం ‘సెయింట్ అగస్టీన్ సిలువ’ అని పేరుపెట్టుకున్నారనీ రాశాడు. విమానానికి మూడు వందల ఏళ్ల ముందు మాట ఇది. చేలో ఆకారం వుందని జనానికి తెలుసు. అది మామూలు సంగతి కాదనీ తెలుసు. వాళ్లకొచ్చిన మతంలోంచి దానికో పేరూ పెట్టుకున్నారు. పేరు తప్పు కావచ్చు, చూపు మాత్రం తప్పు కాదు. అంటే పిల్లికి తివాచీ తెలియకపోలేదు. పిల్లి చెప్పింది రాసుకున్నవాళ్లు తక్కువ.

అట్లాగని క్రాఫర్డ్ చేసిన పనిని తీసిపారేయటం మా ఉద్దేశం కాదు. స్టోన్‌హెంజ్‌కి వెళ్లే ప్రాచీన మార్గంలో కొంత భాగం దున్నకంలో పూర్తిగా చెరిగిపోయి, ఎటు పోయిందో తెలియకుండా వుండేది. 1921లో వైమానిక దళం తీసిన ఫొటోల్లో 1923లో ఆయన ఆ దారిని పట్టుకున్నాడు. పట్టుకుని ఊరుకోలేదు, ఆ ఏడే అక్కడ గుంతలు తవ్వించి నిజమేనని తేల్చుకున్నాడు. ఇంకో సంగతి. 1925 డిసెంబరులో గిల్బర్ట్ ఇన్సాల్ అనే వైమానిక అధికారి స్టోన్‌హెంజ్‌కి రెండు మైళ్ల దూరంలో పొలంలో ఒక వలయాన్ని, దానిలో తెల్లటి చుక్కల్ని చూశాడు. అప్పటిదాకా దాన్ని దున్నకంలో పోయిన మామూలు సమాధి దిబ్బ అనుకునేవాళ్లు. మరుసటి వేసవి గోధుమ చేను ఎదిగినాక చూస్తే ఆ చుక్కలు ముదురు రంగులో వలయాలు వలయాలుగా తేలాయి. 1926 నుంచి 1928 దాకా మాడ్ కనింగ్‌టన్, బెన్ కనింగ్‌టన్ దంపతులు తవ్వారు. అవన్నీ కొయ్య స్తంభాలు పాతిన గుంతలు, ఆరు వరసలు. కొయ్య ఎప్పుడో చివికి మట్టయిపోయింది. గుంత మాత్రం మిగిలింది. దానికి ‘వుడ్‌హెంజ్’ అని పేరొచ్చింది. రాయి కట్టినవాళ్లకే చరిత్ర వుంటుందనే నమ్మకం మీద ఇది పెద్ద దెబ్బ. కొయ్యతో కట్టినా నేల దాచిపెట్టుకుంటుంది అని తేలటం మనలాంటి వాళ్లకి ఎంత ధైర్యమిచ్చే సంగతో వేరే చెప్పక్కర్లేదు.

చిక్కు ఎక్కడొస్తుందంటే ఫొటోని చదివి పేరు పెట్టే దగ్గర. ఫొటోలో కనపడేది ఒక వలయం. అంతే. దాని వయసు ఫొటోలో వుండదు. అది ఒక పెద్దమనిషి సమాధి దిబ్బ చుట్టూ తవ్విన కందకం కావచ్చు. గడ్డివాము చుట్టూ నీళ్లు పోవటానికి ఏ పాలేరో తవ్విన కాలువ కావచ్చు. రెండో ప్రపంచ యుద్ధంలో రాత్రిపూట విమానాల్ని వెతికే సర్చ్‌లైటు చుట్టూ సైనికులు తవ్విన గుంత కావచ్చు. ఈ మూడూ పైనుంచి ఒకదానికొకటి పోలి వుంటాయని, ఒకదాన్ని ఇంకోటిగా పొరబడిన సందర్భాలున్నాయని ఈ విద్యలో వున్నవాళ్లే హెచ్చరిస్తారు. మంచు యుగంలో నేల పగిలిన బీటలు, మురుగు కాలువ గొట్టాలు వేసిన చాళ్లు కూడా పంటలో గీతలుగానే తేలతాయి. నేలకి రాజుగారి సమాధి, పాలేరు తవ్విన కాలువ ఒకటే. రెండిట్లోనూ మట్టి తీశారు, రెండూ పూడాయి, రెండిటి మీదా పైరు ఒకేలా పెరిగింది. తేడా చూపే మనిషి కంట్లో వుంది. ఆ కన్ను మొదటగా దేన్ని వెతుకుతుంది? దొరనీ, గుడినీ, కోటనీ. క్రాఫర్డ్ చిన్న చిన్న చదరపు మడుల్ని ‘కెల్టిక్ పొలాలు’ అన్నాడు, పొడుగాటి పట్టీల్ని శాక్సన్లకి అంటగట్టాడు. నేల మీద గట్టుకి జాతి పేరు పెట్టడమంటే, ఆ గట్టు వేసినవాడి శ్రమని చెరిపి వాడి ఏలిక పేరు రాయటమే అవుతుంది. తర్వాత వచ్చిన పురావస్తు పరిశోధకులు ఈ జాతి పేర్లని నమ్మటం మానేశారు. ఎందుకంటే ఆ చదరపు మడుల్లో చాలావాటిని కెల్టులనే మాటతో ముడిపెట్టటానికి వీల్లేనంత ముందే వేశారని తేలింది.

ఇక్కడ మాటల గురించి ఒకటి చెప్పాలి. కందకాలు, కట్టలు, దిబ్బలు వంటి కట్టడాల్ని ఇంగ్లీషులో ఎర్త్‌వర్క్ అంటారు. ఆ మాట వినగానే పురావస్తు శాస్త్రంలో కట్టడమే గుర్తొస్తుంది. దాన్ని తెలుగులో ‘మట్టిపని’ అనండి. మనకి గుర్తొచ్చేది కట్టడం కాదు, కూలి. గడ్డపార, పార, తట్ట. తరతరాలుగా చెరువులూ కాలువలూ తవ్విన వడ్డెరలు. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైన ఉపాధి హామీ పనిలో ఎండలో గుంతలు తీసిన మాల మాదిగ ఆడవాళ్లు. ఆ గుంతలకి కొలతలు వేసి కూలి కట్టేవాళ్లు. పొడుగు, వెడల్పు, లోతు. నేల గట్టిదైతే లెక్క ఒకటి, మెత్తదైతే ఒకటి. చెరువు పనుల్లో తవ్విన చోట లోతు తెలియటానికి నడుమ మట్టి దిమ్మెని ముట్టుకోకుండా వదిలేయటం పాత పద్ధతి. ఆ దిమ్మె ఎంత ఎత్తుంటే అంత మట్టి తీసినట్టు సాక్ష్యం. మార్టిమర్ వీలర్ 1944లో మన దేశానికి పురావస్తు శాఖ డైరెక్టర్ జనరల్‌గా వచ్చి నేర్పిన తవ్వకంలో కూడా గడికీ గడికీ మధ్య మట్టిగోడ తవ్వకుండా వదిలేస్తారు, పొరలు చదవటానికి. రెండూ తవ్వని మట్టిని సాక్షిగా నిలబెట్టడమే. ఒకటి కూలి లెక్కకి, ఒకటి కాలం లెక్కకి. మేం అడిగేది ఏంటంటే, ఈ రెండు లెక్కల్నీ కలిపి ఎందుకు వేయరు? ఒక ఫొటోలో కందకం కనపడగానే దాని పొడుగూ వెడల్పూ కొలుస్తారు. తవ్విచూసి లోతు కొలుస్తారు. అంటే ఎన్ని ఘనపు మీటర్ల మట్టో తెలిసిపోయింది. ఎంతమంది, ఎన్నాళ్లు, ఏ పనిముట్టుతో అనే ప్రశ్న దాని పక్కనే వుంది. ఇప్పుడు కొందరు ఆ లెక్కలు వేస్తున్నారు, నిజమే. ‘వెసెక్స్ ఫ్రమ్ ది ఎయిర్’ చూపు మాత్రం ఆకారం దగ్గరే ఆగిపోతుంది. ఆకారం అందంగా వుంటుంది కూడా. ఆ అందం మమ్మల్నీ పట్టుకుంది, కాదనం.

కనపడనివాళ్ల సంగతి ఇంకా పెద్దది. పంట గుర్తు పడాలంటే నేలని లోతుగా కదిలించి వుండాలి, లేదా రాయి పాతి వుండాలి. నాలుగు గుంజలు పాతి, తాటాకు కప్పి, మట్టి గోడ పెట్టుకున్న ఇల్లు ఏం గుర్తు వదులుతుంది? గోడ వానకి కరిగి అదే మట్టిలో కలుస్తుంది. గుంజ గుంత జానెడు కూడా వుండదు, రెండుసార్లు నాగలి తిరిగితే పోతుంది. పైగా వూరికి దూరంగా, ఎవరికీ అక్కర్లేని పల్లంలో వేసిన ఇల్లు. మన వెలివాడల చరిత్ర అంతా ఇట్లాంటి ఇళ్లదే. దీనికి తోడు మన నేలలు ఇంగ్లండు సుద్ద నేలలు కావు. నీళ్లు నిలిపే వరి మడిలో పైరుకి దప్పికే తెలియదు కాబట్టి తేడా బయటపడే వీలు తక్కువ. కాబట్టి ఎవరైనా ఫొటో చూపించి ఇక్కడ గుర్తులేమీ లేవు, అంటే మనుషులు లేరు అని తీర్పు చెపితే ఒప్పుకోకూడదు. గుర్తు పడకపోవటానికి నేల కారణం కావచ్చు, పంట కారణం కావచ్చు, వానలు కారణం కావచ్చు, ఆ మనుషుల పేదరికం కారణం కావచ్చు. ఇంగ్లండులో కూడా చాలాకాలం కంకర నేలలున్న నదీ లోయల్లోనే ప్రాచీన జనం కిక్కిరిసి వున్నారనీ, బంకమట్టి ప్రాంతాలు అడవులుగా, ఖాళీగా వుండేవనీ అనుకున్నారు. రోడ్లు వేస్తూ, ఇళ్లు కడుతూ తవ్వినప్పుడు బంకమట్టి కింద కూడా ఊళ్లు బయటపడ్డాయి. అంతకాలం చూసింది మనుషుల్ని కాదు, నేల స్వభావాన్ని.

ఈ పద్ధతి పేదవాళ్ల పక్షాన నిలబడి మాట్లాడిన సందర్భమూ వుంది. అది విడిచిన ఊళ్ల కథ. ఇంగ్లండులో పాడుబడ్డ ఊళ్లు బహు తక్కువని 1940ల దాకా పెద్ద చరిత్రకారులే నమ్మారు. మారిస్ బెరెస్‌ఫర్డ్ అనే ఆర్థిక చరిత్రకారుడు పాత పన్ను లెక్కలు, పటాలు పట్టుకుని బీళ్లల్లో తిరిగి 1954లో పోయిన ఊళ్ల మీద పుస్తకం రాశాడు. కేంబ్రిడ్జ్ నుంచి విమానంలో ఫొటోలు తీసే సెయింట్ జోసెఫ్‌తో కలిసి 1958లో మధ్యయుగాల ఇంగ్లండుని ఆకాశం నుంచి చూపించాడు. గొర్రెలు మేసే పచ్చిక మీద ఏటవాలు ఎండ పడ్డప్పుడు ఇళ్ల దిమ్మెలు, పెరళ్ల హద్దులు, వీధి గుంట, దున్నిన చాళ్ల గట్లు నీడలుగా లేచి కనపడ్డాయి. 1970ల మొదటికి లెక్క రెండు వేల ఊళ్లు దాటింది. అందులో ఒకటి యార్క్‌షైర్‌లోని వారమ్ పెర్సీ. 1950 నుంచి 1990 దాకా నలభై వేసవులు అక్కడ తవ్వారు. దొర ఇంటిని కాదు, ముఖ్యంగా రైతుల ఇళ్లని తవ్వారు. చర్చి ఆవరణలోని దాదాపు ఏడు వందల అస్థిపంజరాలు పరీక్షించి వాళ్ల పిల్లలు ఈనాటి పిల్లలకంటే ఎంత పొట్టిగా వుండేవాళ్లో చెప్పగలిగారు. ఆ ఊరు ఎట్లా పోయింది? తెగులు వల్లే కాదు. గొర్రెల ఉన్నికి ధర పెరిగింది, భూస్వామికి మనుషులకంటే గొర్రెలు లాభమయ్యాయి. 1517లో రాజు వేయించిన విచారణలో ఆ ఊళ్లో నాలుగు నాగళ్లు ఆపేశారనీ, నాలుగిళ్లు కూలిపోనిచ్చారనీ నమోదైంది. పన్ను లెక్కలో అంకెలుగా వున్న మనుషులకి ఫొటోలో ఇల్లూ వాకిలీ దొరికాయి. కాగితమూ, నేలా ఒకదాన్నొకటి సరిచూసుకున్నప్పుడు ఎంత పని జరుగుతుందో దీన్నిబట్టి తెలుస్తుంది. బెరెస్‌ఫర్డ్ కాళ్లతో నడిచినవాడు. ఆయన చేతిలో ఫొటో తీర్పు కాలేదు, సాక్ష్యంగానే వుండిపోయింది.

దీనికి ఎదురు కథ కీలర్‌ది. మన పుస్తకంలో పేరున్న రెండో మనిషే. 1930ల్లో ఆయన ఏవ్‌బరీ అనే ఊళ్లో భూములూ, భవంతీ కొన్నాడు. ఏవ్‌బరీలో ప్రాచీన కాలపు మహా కందకం, కట్ట, దాని లోపల పెద్ద పెద్ద రాళ్ల వలయం వున్నాయి. ఆ వలయం లోపలే వందల ఏళ్లుగా ఒక ఊరు కూడా వుంది. కీలర్ పడిపోయిన రాళ్లని, పాతిపెట్టిన రాళ్లని తవ్వి తీసి మళ్లీ నిలబెట్టించాడు. ఈ నిలబెట్టడానికి అడ్డమైన ఇళ్లూ కొట్టాలూ పడగొట్టించాడు. 1943లో స్థలం నేషనల్ ట్రస్ట్ చేతికి పోయినాక కూడా కొంతకాలం కూల్చివేతలు నడిచాయి. కొందరు వలయం బయట ట్రస్లో వైపు కట్టిన ఇళ్లకి వెళ్లారు. దీన్ని మన వెలివాడతో సమానమని మేం అనటం లేదు. అక్కడ అంటరానితనం లేదు, పోయినవాళ్లకి ఇళ్లు దొరికాయి. కానీ ఆ చూపు ఎక్కడికి దారితీస్తుందో గమనించండి. పైనుంచి చూసినవాడికి వలయం శుభ్రంగా, పూర్తిగా కనపడాలి. ఇళ్లు, కోళ్లగూళ్లు, పొగగొట్టాలు ఆ బొమ్మని చెడగొడతాయి. అల్లిక బాగా కనపడాలని పిల్లిని గదిలోంచి పంపించేయటమే ఇది. అదే తవ్వకంలో 1938లో ఒక రాయి కింద 14వ శతాబ్దపు మనిషి అస్థిపంజరం దొరికింది. దగ్గర కత్తెర, సన్నటి ఇనప పనిముట్టు, నాణేలు. మంగలి పనీ వైద్యమూ చేసేవాడై వుంటాడన్నారు. మన మంగళ్లు కూడా ఆ రెండు పనులూ చేసినవాళ్లే. ఆ వలయంలో వ్యక్తిగా దొరికిన ఒకే ఒక్క పనివాడికి పేరు లేదు, వృత్తే పేరైంది.

మన దగ్గర నాగార్జునకొండ సంగతి తెలిసిందే. 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో లోయంతా తవ్వారు. ఆనకట్ట నీళ్లు వచ్చేలోగా బౌద్ధ కట్టడాలు కొన్నిటిని రాయి రాయికి అంకె వేసి కొండ మీదికి చేర్చారు. అది మంచిపనే. అయితే ఆ లోయలో బతికున్న ఊళ్లు కూడా వుండేవి. వాటిలో వాడలుండేవి. రాళ్లకి వేసినట్టు వాళ్ల ఇళ్లకి ఎవరు అంకెలు వేశారు? ఆ తవ్వకాల్లో తట్టలు మోసినవాళ్లు ఎవరు? ఈ ప్రశ్నలకి జవాబులు పాత కూలి మస్టర్లలో, ఆ కుటుంబాల్లో మిగిలిన ముసలివాళ్ల మాటల్లో వెతకాలి. ఏ ఫొటోలోనూ అవి దొరకవు.

క్రాఫర్డ్ గురించి న్యాయంగా ఇంకో మాట చెప్పాలి. ఆయన పుట్టింది బొంబాయిలో, 1886లో. తండ్రి ఇక్కడ సివిల్ సర్వీసు ఉద్యోగి. తల్లి కాన్పయిన కొద్దిరోజులకే పోతే పసిపిల్లవాణ్ణి ఇంగ్లండుకి మేనత్తల దగ్గరికి పంపారు. మొదటి ప్రపంచ యుద్ధంలో విమానంలో పరిశీలకుడిగా పనిచేసి 1918లో జర్మన్లకి పట్టుబడ్డాడు. శత్రువు కందకాల్ని పైనుంచి చదవటం ఆయన అక్కడ నేర్చుకున్న విద్య. యుద్ధంలో మనిషిని చంపటానికి నేర్చిన చూపే తర్వాత చచ్చినవాళ్ల ఊళ్లని వెతకటానికి పనికొచ్చింది. 1920ల్లో ఇరాక్ పల్లెల మీద బాంబులు వేసిన బ్రిటిష్ వైమానిక దళమే పురావస్తు శాస్త్రానికి ఫొటోలు ఇచ్చింది. ఆయన రాజ్యభక్తుడేమీ కాదు. వామపక్షం వైపు మొగ్గినవాడు, 1932లో సోవియట్ రష్యా చూసొచ్చినవాడు, సొంత దేశపు పెద్దమనుషుల్ని అసహ్యించుకున్నవాడు. అయినా ఆయన పోలికలో నేసినవాడు లేడు. మనిషి రాజకీయాలు ఒకటీ, చూపు అలవాటు ఒకటీ కావటం మనం ఇక్కడి వామపక్ష మేధావుల్లో కూడా చాలాసార్లు చూశాం కాబట్టి ఆశ్చర్యపోనక్కర్లేదు.

ఇప్పుడు మన ఇంటి సంగతి. మన దేశంలో విమాన ఫొటోలు చాలాకాలం రక్షణశాఖ అనుమతుల తాళంలో వుండేవి. మామూలు పరిశోధక విద్యార్థికి అందేవి కావు. 2005లో గూగుల్ ఎర్త్ వచ్చాక, 2021 ఫిబ్రవరిలో పటాల మీద కేంద్రం ఆంక్షలు సడలించాక, ఫోను వున్న ప్రతివాడూ కుర్చీలో మనిషి కాగలుగుతున్నాడు. ఇది మంచిదే. కానీ మన పిల్లల్లో కొందరు ఉపగ్రహ చిత్రంలో ఒక గుండ్రటి దిబ్బ కనపడగానే ఇది మనవాళ్ల కోట, మనం ఒకప్పుడు రాజులం అని రాసేస్తున్నారు. వాళ్ల ఆవేదన మాకు అర్థమవుతుంది. వందల ఏళ్లు మీకు చరిత్ర లేదని చెప్పించుకున్నవాడికి కోట కావాలనిపిస్తుంది. కానీ కోట వెతికే కన్ను క్రాఫర్డ్ కన్నే. మనది రాజ్యం కాబట్టి మనకి గౌరవం అంటే, రాజ్యం లేని తొంభైతొమ్మిది మందికి గౌరవం లేదని ఒప్పుకున్నట్టే. పైగా ఆ గుండ్రటి దిబ్బ తవ్విచూస్తే గడ్డివాము అయితే, మనం చెప్పిన నిజాల్ని కూడా రేపు ఎవడూ నమ్మడు.

బాబాసాహెబ్ అంబేడ్కర్ 1948లో ‘ది అన్‌టచబుల్స్’ ముందుమాటలో ఇదే చిక్కుని ఎదుర్కొన్నారు. అంటరానితనం ఎట్లా పుట్టిందో చెప్పటానికి నేరుగా ఆధారాలు లేవు. ఆధారం లేదని ఊరుకోవాలా? విరిగిన రాళ్ల నుంచి పట్నాన్ని ఊహించే పురావస్తు పరిశోధకుడిలాగా, చెల్లాచెదురైన ఎముకల నుంచి పోయిన జంతువుని ఊహించే శాస్త్రజ్ఞుడిలాగా తన పని కూడా పునర్నిర్మాణమేనని ఆయన చెప్పుకున్నారు. గమనించాల్సింది ఏంటంటే, ఆయన ఊహని ఊహ అనే చెప్పారు, దాన్ని నిలబెట్టే ఆధారాలేవో, ఎక్కడ సందు వుందో దాచకుండా పెట్టారు. పైగా ఆయన వెతికింది కోటని కాదు. ఊరి బయట గుడిసెలు వేసుకున్న చెదిరిన మనుషుల్ని. అసలు ఊరి బయటే ఎందుకున్నారు అనేది ఆయన ప్రశ్న. నేల మీద పడ్డ ఒక గీతని, ఊరికీ వాడకీ మధ్య గీతని, ఆయన అంతకుముందు ఎవరూ చదవనట్టు చదివారు. ఏ విమానమూ ఎక్కకుండానే.

కాబట్టి ఉపగ్రహ చిత్రం చూసి పనిచేయదలచుకున్నవాళ్లకి మా సూచన ఇది. చిత్రాన్ని పెద్దగా అచ్చు తీసుకుని చేను దగ్గరికి వెళ్లండి. కలుపు తీతలప్పుడో, కోతలప్పుడో అయితే మరీ మంచిది. భూమి ఎవరిదో కనుక్కోవటం తేలిక, కాగితంలో వుంటుంది. అందులో పనిచేసేది ఎవరో కనుక్కుని వాళ్లని అడగండి. పైరు ఎక్కడ నల్లబడుతుంది, నాగలి ఎక్కడ రాయికి తగులుతుంది, పాటిమట్టి ఎక్కడినుంచి తోలుకొచ్చారు, తోలేటప్పుడు కుండ పెంకులూ పూసలూ ఎక్కడ పడ్డాయి, ఆ దిబ్బని వాడలో ఏమని పిలుస్తారు. రాకాసిగుళ్లని పేరుంటే ఆ పేరు కూడా రాసుకోండి, నవ్వకండి. రిచ్‌బరోలో సిలువ పేరు లాంటిదే అది కూడా. చిత్రంలో ఏ గుర్తూ లేని చోట కూడా అదే ప్రశ్న అడగండి. ముఖ్యంగా వాడకి ఎదురుగా వున్న పల్లపు చేలో. చెప్పినవాళ్ల పేర్లు, వాళ్లు ఒప్పుకుంటే, మీ వ్యాసంలో మీ పేరు పక్కనే వేయండి.